విల్లో రేవులో వెర్లా బిగించిన చక్రాలు

వెర్లా మార్టెన్సన్‌ను వయోమింగ్‌లోని బండ్లబాట నుంచి చర్చి సేవ మధ్యలోనే ఇంటికి పంపేశారని మా ఊళ్లో ఒక మాట తిరుగుతోంది. అక్కడ షెడ్డు తగలబెట్టిందట, ఫైరింజను వచ్చిందట. జూలైలో ఒక ఆదివారం, ఊరంతా ప్రార్థనలో ఉండగా, దొంగలా ఇంటికి వచ్చి ట్రక్కులో ఏదో వేసుకుని పోయిందట. ఆగస్టు నెలాఖరు దాకా ఉండవలసిన మనిషి పదిహేను రోజుల ముందే దిగిపోయిందట. ఇదంతా స్త్రీల సంఘంలో బొంత కుడుతూ మావిస్ అండర్‌వుడ్ చెప్పింది. మావిస్ బొంత కుట్టినట్టే కబురూ కుడుతుంది. ముక్కలు అసలైన గుడ్డ ముక్కలే, అతుకులే ఆమె సొంతం.

“నీకెవరు చెప్పారే?” అన్నాను.

“ఒకరు చెప్పాలా అయోన్? డెల్మార్ మొహం చూస్తే తెలియట్లేదూ? మొగుడు అంత దిగాలుగా తిరుగుతుంటే!”

“డెల్మార్ మొహం పెళ్లినాడు కూడా అలాగే ఉంది. ఆ కేకు కోసినదాన్ని నేనే.”

అందరూ నవ్వారు గానీ, నవ్వితే మాట చావదు. సేవకు వెళ్లినవాళ్లు గడువుకు ముందే ఇల్లు చేరడం మా సంఘంలో చిన్న సంగతి కాదు. పైకి ఎవరూ ఏమీ అనరు. జాలి మొహం పెట్టుకుని కేకు తెచ్చిస్తారు. ఆ కేకు గొంతు దిగదు. వెర్లా గుమ్మంలోకి అలాంటివి అప్పటికే మూడు చేరాయి. అందుకని ఇది రాస్తున్నాను. ఇందులో నేను కళ్లారా చూసింది కొంత, డెల్మార్ దగ్గరా అక్కడి పెద్ద టకెట్ గారి భార్య దగ్గరా అడిగి తెలుసుకున్నది కొంత. అడగడానికి నాకు ఏనాడూ మొహమాటం లేదు.

వెర్లా మా వీధిలోనే పుట్టింది. వాళ్ల నాన్న ఆండర్స్ రాస్ముసన్ కమ్మరి. నలభై రెండులో ఆయన కొడుకులిద్దరూ యుద్ధానికి పోయారు. అదే ఏడు టైర్లకు రబ్బరు దొరకడం మానేసింది. లోయలో రైతులంతా కొట్టాల వెనక పారేసిన పాత చెక్కబండ్లను బయటికి లాగి, రాస్ముసన్ కొలిమి ముందు వరస కట్టారు. ఆ చక్రాలకు ఇనప పట్టాలు ఎక్కించడానికి ఒక్క మనిషి చేతులు చాలవు. పదేళ్ల వెర్లాకు తోలు ఏప్రాన్ కట్టి, పట్టకారు చేతికిచ్చాడు తండ్రి. మూడేళ్లకు పైగా ఆ పిల్ల అదే పని చేసింది. పాలక్యాను పట్టుకుని ఆ దారిన పోతూ నేను చూసేదాన్ని. జడలు నెత్తిమీద ముడేసుకుని, మసి మొహంతో, పెద్దమనిషిలా నిలబడి ఉండేది. యుద్ధం ముగిసి అన్నలు తిరిగొచ్చిన మర్నాడే వాళ్లమ్మ ఆ చేతిలోంచి పట్టకారు తీసి గరిటె పెట్టింది. ఊరు ఆ సంగతి మరిచిపోయింది. నేనూ మరిచిపోయాననే ఒప్పుకోవాలి.

మా సంఘంలో ప్రతివారికీ ఏదో ఒక పని అప్పగిస్తారు. దాన్ని పిలుపు అంటాం. నలభై ఏళ్లుగా వెర్లాకు వచ్చిన పిలుపులు రెండే. ఆదివారం పసిపిల్లల్ని ఆడించడం ఒకటి, ఎవరైనా పోతే చావింటి భోజనంలోకి ఆలుగడ్డలతో పాటు క్యారెట్ తురిమిన పచ్చ జెల్లీ చేసి పంపడం ఒకటి. వేదిక ఎక్కి నాలుగు మాటలు మాట్లాడమని బిషప్ ఎప్పుడు అడిగినా, “జెల్లీ రెండు పళ్లేలు చేస్తాను, నన్ను మాత్రం మాట్లాడమనకండి” అని బతిమాలుకునేది. నోరు విప్పితే నాలుక మడతపడి, చెవులు ఎర్రబడి, మధ్యలోనే కూర్చుండిపోయే మనిషి.

డెల్మార్ అందుకు పూర్తిగా విరుద్ధం. టర్కీ కోళ్ల ఫ్యాక్టరీలో నలభై ఏళ్లు చేశాడు. సుత్తి ఏ కొస పట్టుకోవాలో తెలియదు గానీ, మాట మొదలుపెడితే కంచె గుంజ చేత కూడా కన్నీళ్లు పెట్టించగలడు. తొంభై ఎనిమిదిలో అతను రిటైరవగానే ఇద్దరూ వేసవి సేవకు కాగితాలు నింపారు. సాల్ట్‌లేక్‌లోని మా సంఘం పెద్దల నుంచి ఉత్తరం వచ్చింది. మే నుంచి ఆగస్టు వరకు వయోమింగ్‌లో విల్లో రేవు. నూట నలభై ఏళ్ల కిందట చేతిబండ్లు లాక్కుంటూ వచ్చిన మావాళ్లు మంచులో చిక్కుకున్న దారి అది. ప్రతి వేసవీ ఊరూరి నుంచి కుర్రకారు పాతకాలం బట్టలు కట్టుకుని వచ్చి, మూడు రోజులు ఆ బండ్లు లాగి, ఆ పెద్దల్ని తలుచుకుని పోతారు.

అక్కడికి వెళ్లాక బ్రదర్లకు, అంటే మగవాళ్లకు, బండ్ల షెడ్డు; సిస్టర్లకు, అంటే ఆడవాళ్లకు, ఆ పెద్దల కథ చెప్పే పని. ఎప్పటినుంచో అలాగే నడుస్తోంది. ఎవరూ ఆలోచించి చేసింది కాదు, ఎవరూ ఆలోచించకుండా జరిగింది. డెల్మార్‌ను షెడ్డుకు పంపారు. వెర్లాకు పొడుగు గౌను తొడిగి, ఎండటోపీ కట్టి, ఛాతీ మీద పేరుబిళ్ల పెట్టి, చూడవచ్చిన జనం ముందు నిలబెట్టారు.

“అప్పుడు చలి ఎలా ఉండేదమ్మా?” అని ఎవరో అడిగేవారు.

“ఎక్కువ.”

“మరి ఏం తినేవాళ్లు?”

“పిండి. అయిపోయింది.”

మిగతా సిస్టర్లు నలభై నిమిషాలు చెప్పే కథ వెర్లా నోట పదకొండు నిమిషాల్లో తేలిపోయేది. జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకుని బయటికి నడిచేవారు. ఆమె లోపలి గదిలోకి పోయి టోపీ తీసి, చెమట తుడుచుకుని, మళ్లీ కట్టుకునేది. ఇలా నాలుగు నెలలు గడపాలని తలుచుకుని ఆమె ప్రతి రాత్రీ క్యాలెండరులో రోజులు లెక్కపెట్టేదని డెల్మార్ నాతో అన్నాడు. అటు షెడ్డులో అతని బతుకూ అంతంతే. షెడ్డు పెద్ద హార్లన్ బీజ్లీ ఐడహోలో విత్తనపు ఆలుగడ్డలు పండించిన రైతు. మొదటి వారంలోనే, “బ్రదర్ డెల్మార్, నువ్వు దేన్నీ ముట్టుకోకు నాయనా, ఆ కుర్చీలో కూర్చుని కబుర్లు చెప్పు, మాకు పని సాగుతుంది” అన్నాడట.

జూన్ నెలాఖరులో ఒక శనివారం వెర్లా మొగుడికి భోజనం డబ్బా ఇవ్వడానికి షెడ్డుకు వెళ్లింది. పశువుల నీళ్లతొట్టిలో పదహారు చక్రాలు మునిగి ఉన్నాయి.

“వీటినెందుకు నానేశారు బ్రదర్?”

“ఎండకు ఎండి వదులైపోతున్నాయి సిస్టర్. ఇవాళ నానేస్తే సోమవారానికి బిగుసుకుంటాయి” అన్నాడు బీజ్లీ.

“బుధవారానికో?”

“బుధవారానికి మళ్లీ వదులవుతాయనుకోండి. మళ్లీ నానేస్తాం.”

“పోయినేడు ఎన్నాళ్లు నిలిచేవి?”

“వారం పైనే.”

“అంతకు ముందేడు?”

“రెండు వారాలు…” అంటూనే బీజ్లీ తొట్టిలోకి చూశాడు.

“చూశారా మరి. నీళ్లు తాగిన చెక్క ఉబ్బుతుంది. చుట్టూ ఇనుముంది, ఎటు పోతుంది? తన్ను తానే నలుపుకుంటుంది. ఆరాక ముందుకన్నా సన్నబడుతుంది. నీళ్లు తాగించి నిలబెట్టిన చక్రం, పొగడ్త తాగించి నిలబెట్టిన మనిషి లాంటిది. ఎంతో దూరం రాదు.”

“పూర్వీకులు ఏరు కనపడ్డ ప్రతిచోటా ఇలాగే నానేశారు సిస్టర్! మీరు చెప్పే కథలోనే ఉంది కదా!”

“వాళ్లకు కొలిమి లేక నానేశారు. మనకేం రోగం?”

ఇలాంటి పొరపాటు మావాళ్లే చేయగలరు. కష్టంలో పెద్దలు గతిలేక చేసినదాన్ని కూడా ఆచారం చేసుకుని, తొట్టి నింపి, తల వంచి మరీ చేస్తాం. ఆ సాయంత్రం భోజనాల దగ్గర బీజ్లీ ఈ ముచ్చటంతా చెప్పి, “ఇకనుంచి చక్రానికి జ్వరం వస్తే సిస్టర్ మార్టెన్సన్‌కు చూపించాలి, జెల్లీ పట్టీ వేస్తుంది” అన్నాడు. బల్లంతా నవ్వింది. వెర్లా కూడా నవ్విందట. డెల్మార్ మాత్రం నవ్వలేదు. పెళ్లయిన నలభై నాలుగేళ్లలో భార్య నోట వరసగా అన్ని మాటలు వచ్చిన సందర్భం అతనికి గుర్తులేదు మరి.

జూలై రెండో వారంలో మెట్ట మీద ఒక చక్రం కూలింది. నడిమి దిమ్మ నుంచి అంచుకు పోయే ఆకులన్నీ విచ్చుకుని బండి పక్కకు ఒరిగింది, పధ్నాలుగేళ్ల అమ్మాయి కాలు దాని కింద పడింది. ఎముక విరగలేదు గానీ, చీలమండ గుమ్మడికాయలా వాచింది. టకెట్ గారు రిటైరైన పళ్ల డాక్టరు. మంచివాడు, భయస్తుడు. శనివారం సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి చెప్పేశాడు.

“వచ్చే శుక్రవారం ఫెయిర్‌బెంచ్ నుంచి నూట ఎనభై మంది పిల్లలు వస్తున్నారు. ఇరవై బండ్లు కావాలి. గురువారం సాయంత్రానికి ఆ నలభై చక్రాల మీద నాకు నమ్మకం కుదరకపోతే షెడ్డుకు తాళం వేస్తాను. ఈ ఏడుకు బండ్లు లేవు. పిల్లలు వట్టి చేతులతో నడుస్తారు.”

ఫెయిర్‌బెంచ్ అంటే మా ఊరే. పన్నెండేళ్లు నిండిన దగ్గర్నుంచి ఆ యాత్ర కోసం గౌన్లు కుట్టుకుని కూర్చున్న పిల్లలు.

అందరూ లేచి వెళ్లిపోయారు. వెర్లా మాత్రం టోపీతోనే ఆయన గది గుమ్మంలో నిలబడింది.

“నేను బాగుచేస్తాను ప్రెసిడెంట్.”

“ఏమిటి సిస్టర్?”

“చక్రాలు. పట్టాలు ఊడదీసి, కుదించి, కాల్చి ఎక్కించాలి. నాకొచ్చు.”

“ఎక్కడ నేర్చుకున్నారు?”

“మా నాన్న దగ్గర.”

“ఎప్పుడు?”

“యుద్ధంలో.”

“సిస్టర్, యాభై ఏళ్లు దాటిపోయింది కదా!”

“ఆ సంగతి ఇనుముకు తెలియదు ప్రెసిడెంట్.”

ఆయన చాలాసేపు పెన్ను మూత పెట్టడం, తీయడం చేశాడట. ఏం కావాలని అడిగాడు. పట్టాలు కుదించే మర ఒకటి ఉండాలి, అది మా నాన్న కొట్టంలో ఉంది, రేపే వెళ్లి తెస్తానంది వెర్లా.

“రేపు ఆదివారం! పని ముట్టుకోని రోజు!”

“బైబిల్లో చెప్పినట్టు ఎద్దు గుంటలో పడింది ప్రెసిడెంట్. ఆదివారమని గట్టున కూర్చుని కీర్తన పాడమంటారా?”

టకెట్ గారికి నవ్వొచ్చింది. నవ్వొచ్చాక కాదనడం కష్టం.

అదీ ఆదివారం ముక్క. ఆరు గంటల ప్రయాణం చేసి వచ్చింది. ఊరంతా ప్రార్థనలో ఉంది. నేను ఒక్కదాన్నే మోకాలు వాచి, కిటికీ దగ్గర కాలు చాపుకుని ఉన్నాను. చూసినదాన్నీ నేనే, సాయంత్రం మావిస్‌తో నోరు జారినదాన్నీ నేనే. ఆ పాపం నాదే.

“ఏమే వెర్లా! ఏమయిందే?” అని కిటికీ ఎత్తి అరిచాను.

“ఏం కాలేదు అయోన్. తొందరలో ఉన్నా.”

“ఆ గుడ్డ కింద ఏంటది?”

“నాన్నది” అని ట్రక్కు ఎక్కేసింది.

అంత ముక్క చెవిలో వేసి పోతే నేను ఊరుకోగలనా? యాత్రకు వంట చేయడానికి రమ్మని బిషప్ నెల నుంచి అడుగుతున్నాడు. మోకాలి పేరు చెప్పి తప్పించుకుంటున్నదాన్ని, ఆ పూటే ఫోన్ చేసి వస్తానన్నాను. “మోకాలు తగ్గిందా సిస్టర్?” అన్నాడాయన. “అద్భుతంగా తగ్గింది” అన్నాను.

సోమవారం నాటి సంగతి టకెట్ గారి భార్య చెప్పింది. వెర్లా ముందు నలభై చక్రాలనూ గోడకు ఆనించి, చిన్న సుత్తితో ఒక్కొక్క ఆకునూ తట్టింది. బిగుతుగా ఉన్నది ఖంగుమంటుంది, వదులైంది బొద్దుమంటుంది. ఇరవై ఏడు చక్రాలు బొద్దుమన్నాయి. వాటి మీద సుద్దతో గీత గీసింది. తరువాత తొట్టిలో నీళ్లన్నీ పారబోయించింది. బీజ్లీ చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. షెడ్డు ముందున్న ఇసుక నేల మీద గుండ్రంగా కట్టెలు పేర్చి నిప్పు పెట్టారు. అరగంటకల్లా పెద్దరోడ్డు మీద పోయే ఎవరో ఆ పొగ చూసి ఫోన్ చేశారు, ఫైరింజను కూతలు పెట్టుకుంటూ దిగింది. దాని పెద్ద గొర్రెల ఆసామి, మీసాల మనిషి.

“ఎవరమ్మా గడ్డి తగలబెడుతున్నది?”

“గడ్డి కాదు, ఇనుము. చుట్టూ ఇసుక పోశాం, నీళ్లు పెట్టుకున్నాం, మీరే చూడండి.”

ఆయన మంట చుట్టూ ఒకసారి తిరిగాడు. మర చూశాడు. దాని పిడి మీద చెయ్యి వేసి, నెత్తిన ఉన్న శిరస్త్రాణం తీసేశాడు.

“ఇలాంటిది మా తాత కొట్టంలో ఉండేది. మా గొర్రెల బండికి నాలుగు చక్రాలూ లొడలొడలాడుతున్నాయమ్మా. కాస్త చూస్తారా?”

“శుక్రవారం దాటాక తెండి. ఇప్పుడు ఆ పట్టకారు అటు కొస పట్టుకోండి.”

ఆర్పడానికి వచ్చిన మనిషి సాయంత్రం దాకా పట్టుకున్నాడు. రెండో కొస ఎవరు పట్టుకున్నారంటే, చేతులు కట్టుకుని నిలబడిన బీజ్లీ. మొదటి చక్రం బిగిసినప్పుడు వచ్చిన చప్పుడు విని ఆయన చేతులు వాటంతట అవే విడిపోయాయట.

గురువారం పొద్దున్నే వంట ట్రక్కు దిగి నేను నేరుగా ఆ షెడ్డు దగ్గరికే పోయాను. ఆలుగడ్డలు ఎక్కడికి పోతాయి! వెర్లా టోపీ లేదు, పొడుగు గౌను అంచు నడుముకు దోపింది, మోచేతుల దాకా మసి. చేతిలో చిన్న కొలత చక్రం. దాన్ని చెక్క అంచు చుట్టూ ఒకసారి, పట్టా లోపల ఒకసారి దొర్లించి చూస్తోంది. పట్టా చుట్టుకొలత చెక్కకన్నా పావు అంగుళం తక్కువ ఉండాలట. ఎక్కువ ఉంటే ఆ పట్టాలో ఒకచోట ఎర్రగా కాల్చి, మరలో ఇరికించి, తన ఎత్తున్న పిడిని మీదపడి లాగుతోంది. ఇనుము ఇంత దగ్గరవుతోంది. ఆ తరువాత మంటలో వేసి, ఎండుపుల్లతో పట్టా మీద గీసి చూస్తోంది. పుల్ల నల్లగీత గీస్తూ జారితే వేడి కుదిరినట్టు.

“ఎత్తండి! హార్లన్, నీ వైపు పైకి! ఇప్పుడు దించండి. కొత్తకోడలిని దించినట్టు కాదయ్యా, టపీమని దించు!”

పట్టా పడగానే చెక్క భగ్గుమంది. ముగ్గురు చుట్టూ తిరుగుతూ సుత్తులు వేశారు. “నీళ్లు!” అని అరిచింది వెర్లా. ఆవిరి మమ్మల్నందరినీ కప్పేసింది. ఆ తెల్లటి పొగలోంచి చక్రం ఒళ్లు విరుచుకున్నట్టు కిర్రుకిర్రుమంది. ఆకులన్నీ నడిమి దిమ్మలోకి బిగుసుకుంటున్నాయి. ఆవిరి తేలిపోయాక ఆమె ఒక్కొక్క ఆకునూ తట్టింది. పన్నెండూ ఖంగుమన్నాయి. అరవై ఆరేళ్ల మనిషి మొహంలో పదేళ్ల పిల్ల తొంగిచూసింది. మాట్లాడటం రాదంటారే, ఆ నాలుగు రోజులూ ఆ మనిషి నోరు మూతపడలేదు.

సాయంత్రానికి ఇరవై ఏడో చక్రం ఎక్కింది. టకెట్ గారు వచ్చి చూసి, “చూడటానికి బాగున్నాయి. మెట్ట ఏమంటుందో రేపు తెలుస్తుంది. రేపు ఒక్కటి సడలినా తాళం తాళమే సిస్టర్” అన్నాడు. వెర్లా తల ఊపింది. ఆ పూట నేను పెట్టిన ఆలుగడ్డలు ఆమె ముట్టుకోలేదు.

శుక్రవారం మధ్యాహ్నం ఆడవాళ్ల లాగుడు. ఇసుక మెట్ట, నిలువు ఎక్కుడు. మగపిల్లలు, మగవాళ్లు అందరూ ముందుగా పైకి వెళ్లి, దారికి అటూ ఇటూ టోపీలు చేతపట్టుకుని నిలబడతారు. ఏం జరిగినా చెయ్యి వేయకూడదు. అప్పట్లో మొగుళ్లనూ కొడుకులనూ పాతిపెట్టి వచ్చిన ఆడవాళ్లు తమంతట తామే లాగారని దాని గుర్తు. ఆడపిల్లలు ఒక్కో బండికి నలుగురైదుగురు చేరారు. మా వీధి బ్రినెట్ ముందు కర్ర పట్టుకుని వెనక్కి తిరిగింది.

“సిస్టర్ మార్టెన్సన్, విరగదు కదా?”

“విరిగితే నన్నడుగు.”

“విరిగాక అడిగితే ఏం లాభమండీ?”

“అందుకే విరగదు. లాగు తల్లీ.”

బండ్లు కదిలాయి. వెర్లా నా పక్కన కింద నిలబడింది. అందరూ పిల్లల్ని చూస్తుంటే ఆమె కళ్లు మూసుకుంది. వింటోంది. ఇసుకలో కరకర, రాళ్ల మీద ఖణఖణ. ఒక్కొక్క బండి దాటుతుంటే ఆమె పెదాలు లెక్క పెడుతున్నాయి. పదకొండు, పన్నెండు. పదమూడోది బ్రినెట్ వాళ్లది. సగం మెట్ట మీద కుడి చక్రం బండరాయి ఎక్కింది. బండి ఎడమకు ఒరిగింది, బరువంతా ఒక్క చక్రం మీదికి వచ్చేసింది. పిల్లలు కెవ్వుమన్నారు. పైన బీజ్లీ ఒక అడుగు ముందుకు వేశాడు, టకెట్ గారు ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని ఆపాడు. నేను దేవుణ్ణి పిలిచాను. వెర్లా కళ్లు తెరవలేదు.

బండి రాయి మీంచి దబ్బున దిగింది. గంట కొట్టినట్టు ఖంగుమంది. ఆ చప్పుడు మెట్ట కింద ఉన్న మాకు కూడా వినిపించింది. చక్రం ఒక్క పిసరు కూడా వంగలేదు, తిరుగుతూ పైకి పోయింది.

“పదమూడు” అంది వెర్లా.

ఇరవయ్యోది ఎక్కేసరికి పైన ఆడపిల్లలు ఒకరి మెడల మీద ఒకరు పడి ఏడుస్తున్నారు, నవ్వుతున్నారు. డెల్మార్ అందరికన్నా ఎక్కువ ఏడుస్తున్నాడు. టకెట్ గారు మెట్ట దిగి వచ్చాడు. ముందు వెర్లా చేతిలోంచి చిన్న సుత్తి తీసుకున్నాడు. మళ్లీ పైకి పోయి, ఇరవై బండ్ల చక్రాలకూ ఒక్కొక్క ఆకునూ తట్టి, వేలితో కదిపి, వంగి చూశాడు. పళ్ల డాక్టరు కదా! అరగంట పట్టింది.

“సిస్టర్ మార్టెన్సన్! ఒక్కటి కూడా కదలట్లేదు!”

“కదిలితే పీకేస్తారని భయపడ్డాయి ప్రెసిడెంట్” అని కిందినుంచే అరిచింది వెర్లా.

మెట్టంతా నవ్వింది. జనం ముందు వెర్లా వేసిన మొదటి జోకు అది. ఆ సాయంత్రం భోజనాల దగ్గర టకెట్ గారు లేచి, షెడ్డుకు తాళం వేయడం లేదన్నాడు. రేపటి నుంచి బండ్ల షెడ్డు సిస్టర్ మార్టెన్సన్ చూసుకుంటుంది, కథ బ్రదర్ డెల్మార్ చెబుతాడు అన్నాడు. బీజ్లీ లేచి వెళ్లి తన తోలు ఏప్రాన్ తెచ్చి ఆమె కుర్చీ వీపుకు తగిలించాడు.

“టోపీ కూడా మీ ఆయనకే ఇచ్చేస్తావా వెర్లా?” అన్నాను.

“తల పడితే ఇచ్చేదాన్నే.”

అక్కడినుంచి డెల్మార్ కథ నలభై నిమిషాల నుంచి గంటా పదికి సాగిందట. రోజుకు మూడుసార్లు తాను ఏడ్చి, వచ్చినవాళ్లనూ ఏడిపించాడట. ఇప్పుడు ఇంట్లో వినేవాళ్లు లేక దిగాలుగా తిరుగుతున్నాడు. మావిస్ చూసిన మొహం అదే.

ఇక మిగిలింది పదిహేను రోజుల ముక్క ఒక్కటి. అది మాత్రం నిన్నటిదాకా నాకు తెలియదు. నేను జూలైలోనే తిరిగొచ్చేశాను, డెల్మార్‌ను అడిగితే, “దాన్నే అడుగు అయోన్, నన్ను చెప్పొద్దంది” అన్నాడు. నిన్న పీచ్ పళ్లు సీసాల్లో పెడుతూ వెర్లా పెరట్లో కూర్చుని ఉంది. కంచె దగ్గరికి పోయి సూటిగా అడిగేశాను.

“వెర్లా, ఊళ్లో అందరూ నిన్ను మధ్యలో ఇంటికి పంపేశారంటున్నారు. అవునా కాదా, ఒక్క ముక్క చెప్పు.”

ఆమె పీచ్ గింజ తీసి గిన్నెలో వేసి, చెయ్యి తుడుచుకుంది.

“పంపేశారు అయోన్. పట్టాలు ఎత్తి ఎత్తి నడుం పట్టేసింది. టకెట్ గారు చూసి, ‘మిగతా బండ్లవి ఇంకా అరవై రెండు చక్రాలున్నాయి సిస్టర్, ఈ నడుంతో కుదరదు, ఇంటికి పోయి బాగుచేయించుకుని ఏప్రిల్లో మంచు కరగ్గానే రండి’ అన్నారు. కావాలంటే మా ఆయన్ని కూడా వెంట తెచ్చుకోవచ్చట.”